ఒక గొంతు, నాలుగు దారులు: డిజిటల్ మిక్సర్‌లో ఈక్యూ ఎక్కడ తిప్పాలి?

దసరా రోజులు. విజయనగరంలో ఒక గుడి పందిట్లో హరికథ జరుగుతోందనుకుందాం. కథ మొదలై పది నిమిషాలైనా కాకముందే దాసు గారు మిక్సర్ వైపు తిరిగి, "నా గొంతు నాకే మూగగా వినిపిస్తోంది బాబూ, కాస్త తేటగా ఇవ్వు" అంటారు. ఆపరేటర్ వెంటనే ఆయన మైకుకి కేటాయించిన ఛానెల్ సెలెక్ట్ చేసి, ఈక్యూలో (ఒక్కో ఫ్రీక్వెన్సీని విడిగా పెంచే, తగ్గించే ఈక్వలైజర్‌లో) 3 కిలోహెర్ట్జ్ దగ్గర నాలుగైదు డెసిబెల్స్ పెంచుతాడు. దాసు గారి ముఖం విప్పారుతుంది. కానీ ముందు వరుసలో కూర్చున్న పెద్దాయన చెవి మూసుకుంటాడు. వీధిలో కట్టిన హారన్లు గీపెడతాయి. ఫోన్‌లో లైవ్ చూస్తున్నవాళ్ళకి 'స' అక్షరం వచ్చినప్పుడల్లా పాము బుస కొట్టినట్టు ఉంటుంది. ఇంకో నిమిషానికి దాసు గారికి తన గొంతు వినిపించే స్పీకరు, అంటే మానిటరే, కూత పెడుతుంది.

అడిగింది ఒక్కరు, మార్పు నలుగురికీ పోయింది. ఆపరేటర్ ఎంచుకున్న ఫ్రీక్వెన్సీ సరైనదే. దాన్ని తిప్పిన చోటే పొరపాటు.

నాగావళి కాలువ కింద సాగు చేసే రైతుకి ఈ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. మదుము దగ్గర నీటిలో ఏది కలిసినా ఆయకట్టు మొత్తానికీ చేరుతుంది. పిల్లకాలువ మొదట్లో కలిస్తే ఆ నాలుగు మళ్ళకే. మిక్సర్‌లో ఛానెల్ మదుము అయితే, శబ్దాన్ని ఒక్కో బాక్సుకి తీసుకెళ్ళే దారి, అంటే బస్, పిల్లకాలువ. ఛానెల్ ఈక్యూలో చేసిన మార్పు ఆ గొంతు వెళ్ళే ప్రతి చోటికీ వెళ్తుంది. బస్ ఈక్యూలో చేసింది ఆ బస్ చివర ఉన్న బాక్సుకే పరిమితం. ఈ తేడా తెలిస్తే డిజిటల్ మిక్సర్‌లో సగం పని తెలిసినట్టే.

ఛానెల్‌లోనే అన్నీ సర్దాలనే అలవాటు పాత అనలాగ్ మిక్సర్ల నుంచి వచ్చింది. చిన్న మిక్సర్‌లో ఛానెల్‌కి బేస్, మిడ్, ట్రెబుల్ అని మూడు నాబ్‌లు, మానిటర్ లాంటి చోట్లకి శబ్దం పంపే ఆక్స్‌లు ఒకటో రెండో ఉండేవి. మానిటర్‌కి విడిగా ఈక్యూ కావాలంటే బయట ఇంకో యంత్రం కొనాలి. అది లేనివాళ్ళు ఉన్న మూడు నాబ్‌లతోనే అందరినీ ఒప్పించాల్సి వచ్చేది. 2012లో వచ్చిన బెరింగర్ ఎక్స్32 లాంటి మిక్సర్లతో ఆ అవసరం పోయింది. అందులో 32 ఛానెళ్ళకి ఒక్కోదానికి నాలుగు బ్యాండ్ల ఈక్యూ ఉంటుంది. 16 మిక్స్ బస్‌లకీ, కలిసిన మొత్తాన్ని మళ్ళీ విడిగా పంపే 6 మ్యాట్రిక్స్‌లకీ, జనం వినే బాక్సులకి వెళ్ళే మెయిన్‌కీ ఆరేసి బ్యాండ్లు. సదుపాయం చేతికొచ్చింది, చెయ్యి మాత్రం ఇంకా ఛానెల్ మీదికే పోతోంది.

ఈక్యూ గురించి మాట్లాడే ముందు శబ్దం నడిచే దారి ఒకసారి చూడాలి. మైకు వైరు వెనక సాకెట్‌లో గుచ్చుతాం. అక్కడ మైకు సిగ్నల్‌ని పెంచే ప్రీఆంప్, ఎంత పెంచాలో చెప్పే గెయిన్. ఆ తర్వాత ఆ సాకెట్ ఏ ఛానెల్‌కి వెళ్ళాలో రూటింగ్ పేజీ చెబుతుంది. ఛానెల్‌లో లో కట్ (కింది ఫ్రీక్వెన్సీలని కోసేది), గేట్ (చిన్న చప్పుళ్ళని ఆపేది), ఈక్యూ, కంప్రెసర్ (మరీ పెద్ద శబ్దాన్ని అణిచేది), ఫేడర్ (లెవెల్ పెంచే, దించే మీట) ఉంటాయి. దారిలో ఏదో ఒక చోట నుంచి బస్‌లకి సెండ్‌లు చీలుతాయి. బస్‌కి మళ్ళీ తన ఈక్యూ, తన ఫేడర్. చివరికి ఆ బస్ ఏ అవుట్‌పుట్ సాకెట్‌లోంచి బయటికి రావాలో కూడా రూటింగే చెబుతుంది.

ఇందులో చాలామందికి తట్టని విషయం ఒకటుంది. ఐదో సాకెట్, ఐదో ఛానెల్ ఒకటి కావు. అనలాగ్‌లో అవి ఒకటే కాబట్టి మనసు అలాగే అనుకుంటుంది. డిజిటల్‌లో సాకెట్ గుమ్మం, ఛానెల్ లోపలి గది. ఏ గుమ్మంలోంచి వచ్చినవాళ్ళని ఏ గదిలో కూర్చోబెట్టాలో మనమే చెప్పాలి. ఎక్స్32లో మామూలుగా ఈ కేటాయింపు ఎనిమిదేసి సాకెట్ల గుంపులుగా జరుగుతుంది. స్టేజీ పక్కన స్టేజ్ బాక్స్ పెట్టి, మిక్సర్ దాకా ఒక్క క్యాట్5ఈ కేబుల్ లాగి, అన్ని మైకులూ గుచ్చాక ఒక్క మీటరూ కదలకపోతే కేబుల్‌నే అనుమానిస్తారు. చాలాసార్లు కేబుల్ బాగానే ఉంటుంది. 1 నుంచి 8 గుంపు ఇంకా 'లోకల్' అనే ఉంటుంది, అంటే మిక్సర్ తన వెనక ఉన్న ఖాళీ సాకెట్లనే వింటోంది. దాన్ని స్టేజ్ బాక్స్ కేబుల్ వచ్చే ఏఈఎస్50కి మార్చగానే మృదంగం మీటరు లేస్తుంది. టెన్షన్‌లో వైర్లన్నీ పీకి మళ్ళీ గుచ్చడం కంటే, సాకెట్ దగ్గర సిగ్నల్ ఉందా, ఛానెల్‌లో ఉందా, బస్‌లో ఉందా అని దారి వెంట ఒక్కో మీటరూ చూసుకుంటూ రావడమే త్వరగా అవుతుంది.

గెయిన్ సాకెట్ సొత్తు, ఛానెల్‌ది కాదు. ఇది గుర్తుంటే దాసు గారి సమస్యకి ఒక చక్కటి పరిష్కారం దొరుకుతుంది. ఆయన మైకు గుచ్చిన సాకెట్‌ని రెండు ఛానెళ్ళకి ఇవ్వొచ్చు. ఒక ఛానెల్ జనం కోసం: మెయిన్‌కి, హారన్లకి, లైవ్‌కి. రెండోది మానిటర్‌కి మాత్రమే, దాని మెయిన్ అసైన్ ఆపేయాలి. ఇప్పుడు దాసు గారు తేటగా కావాలంటే రెండో ఛానెల్‌లో ఈక్యూ తిప్పితే చాలు, పందిట్లో వెంట్రుక వాసి మార్పు ఉండదు. ఒక్క జాగ్రత్త. ప్రీఆంప్ ఒక్కటే కాబట్టి గెయిన్ పెంచితే రెండు చోట్లా పెరుగుతుంది. అందుకే కథ మొదలవక ముందే గెయిన్ ఖాయం చేసి, తర్వాత ఫేడర్లతోనే పని నడపాలి.

ఛానెళ్ళు మిగలకపోతే ఇంకో దారి, సెండ్ ఎక్కడ నుంచి చీలాలో మార్చడం. 'ప్రీ ఫేడర్' అంటే ఫేడర్‌కి ముందు అని మాత్రమే అర్థం. ఈక్యూ, కంప్రెసర్ దాటాకే ఆ సెండ్ బయల్దేరుతుంది. అందుకే మానిటర్‌ని ప్రీ ఫేడర్‌లో పెట్టినా ఛానెల్ ఈక్యూ తిప్పితే కళాకారుడికి తెలిసిపోతుంది. దాన్ని 'ప్రీ ఈక్యూ'కి మారిస్తే పందిరి కోసం చేసే ఈక్యూ ఆయన చెవి దాకా పోదు, మానిటర్‌కి కావలసింది బస్ ఈక్యూలో చేసుకోవచ్చు. ఎకో, రివర్బ్‌లకి వెళ్ళే సెండ్‌ మాత్రం పోస్ట్ ఫేడర్‌లోనే ఉండాలి. లేకపోతే గాయకుడి ఫేడర్ దించాక కూడా ఆయన ప్రతిధ్వని గాల్లో తిరుగుతూనే ఉంటుంది.

ఇక ఛానెల్ ఈక్యూ పని ఏమిటి? ఆ గొంతుకీ ఆ మైకుకీ సంబంధించిన లోపాలు మాత్రమే అక్కడ సర్దాలి. హరికథనే తీసుకుంటే, దాసు గారు నిలబడి చెబుతారు, కాళ్ళకి గజ్జెలు, చేతిలో చిడతలు. చెక్క స్టేజీ మీద అడుగు పడ్డప్పుడల్లా ఆ దెబ్బ మైకు స్టాండ్ ఎక్కి బేస్ బాక్సుల్లో 'దబ్' అంటుంది. మగవాళ్ళ మాట గొంతు అడుగు స్వరం సుమారు 85 నుంచి 180 హెర్ట్జ్ మధ్య ఉంటుంది, ఆడవాళ్ళది సుమారు 165 నుంచి 255 దాకా. కాబట్టి మగ గొంతుకి 80, 90 దగ్గర, ఆడ గొంతుకి 120, 140 దగ్గర లో కట్ పెడితే గొంతుకి నష్టం లేకుండా అడుగుల మోత తగ్గుతుంది. గజ్జెల గలగల పై ఫ్రీక్వెన్సీల్లో ఉంటుంది, దాన్ని ఈక్యూతో తీసేయాలని చూడకూడదు. అది కథలో భాగం.

తర్వాత 200 నుంచి 400 హెర్ట్జ్ ప్రాంతం. కార్డియాయిడ్ లాంటి, ముందు నుంచి వచ్చే శబ్దాన్నే ఎక్కువ తీసుకునే మైకుని పెదాలకి దగ్గర పెట్టుకుంటే కింది ఫ్రీక్వెన్సీలు వాటంతటవే ఉబ్బుతాయి. పైగా తెలుగు అజంత భాష. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. ఆ అచ్చు సాగి మోగుతుంటే, దాని వెనకే వచ్చే మాటలో మొదటి హల్లు మునిగిపోతుంది. పద్యం ఎత్తుకున్నప్పుడు మరీను. శ్రోతలు "సౌండు ఉంది గానీ మాట తెలీడం లేదు" అనేది ఇక్కడే. చాలామంది అప్పుడు ట్రెబుల్ పెంచుతారు. మంచి మార్గం 250, 300 దగ్గర వెడల్పుగా 3 డెసిబెల్స్ తగ్గించడం. హల్లులు ఎక్కడివక్కడే ఉన్నాయి, వాటి మీద కప్పిన దుప్పటి తీస్తే చాలు. పెంచడం కంటే తగ్గించడం మేలనడానికి ఇంకో కారణం కూడా ఉంది: ఏ ఫ్రీక్వెన్సీ పెంచితే అక్కడ మైకు కూత పెట్టే హద్దుకి అంత దగ్గరవుతాం.

3, 4 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో మనిషి చెవి అన్నిటికంటే చురుకు. మాట స్పష్టత అక్కడే ఉంది, విసుగూ అక్కడే ఉంది. మూడు గంటల కథలో మొదటి పావుగంట బాగుందనిపించిన 4 డెసిబెల్స్ పెంపు, చివరి గంటకి తలనొప్పి అవుతుంది. శ, ష, స బుసలు సుమారు 5 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య వస్తాయి. వాటికి ఈక్యూ కంటే, బుస వచ్చినప్పుడే తగ్గించే డీ-ఎస్సర్ నయం.

గది లోపం గొంతులో సర్దడం ఇంకో పెద్ద పొరపాటు. దాన్ని పట్టుకోవడానికి శ్రుతి కంటే మంచి కొలబద్ద లేదు. ఒక హాల్లో గాయని ఐదు శ్రుతిలో పాడుతున్నారనుకుందాం. ఆమె మధ్య స్థాయి షడ్జమం పట్టినప్పుడల్లా హాలు గుమ్మంటోంది. ఆ షడ్జమం 196 హెర్ట్జ్. ఆపరేటర్ ఆమె ఛానెల్‌లో 196 దగ్గర క్యూ (కోత ఎంత సన్నగా ఉండాలో చెప్పే అంకె) 10 పెట్టి సన్నగా లోతుగా కోస్తాడు. సుమారు 186 నుంచి 206 దాకా, అంటే కాస్త అటూ ఇటూగా ఒక్క స్వరమంత గాటు. ఆ పూట గడిచిపోతుంది. మర్నాడు ఒకటి శ్రుతిలో పాడే గాయకుడు వస్తారు, ఇంకో ఛానెల్. ఆయన షడ్జమం 131, చక్కగా ఉంటుంది. పంచమం దగ్గరికి రాగానే మళ్ళీ గుమ్మంటుంది. ఆయన పంచమం మీద గొంతు ఒత్తుతున్నారనిపిస్తుంది. నిజానికి 131కి పంచమం అంటే ఒకటిన్నర రెట్లు, మళ్ళీ అదే 196. మోగుతున్నది హాలు. గాయకుడు మారినా, శ్రుతి మారినా మోత అదే ఫ్రీక్వెన్సీలో ఉంటే అది గదిదో బాక్సుదో, మెయిన్ బస్ ఈక్యూలో ఒక్కసారి తగ్గిస్తే అందరికీ సరిపోతుంది. శ్రుతితో పాటు మోత కూడా జరుగుతుంటే అది వాద్యానిది, దాని ఛానెల్‌లోనే చూడాలి. మృదంగం కుడి మూత అలాంటిదే. దాన్ని షడ్జమానికి శ్రుతి చేస్తారు కాబట్టి, నిన్నటి కచేరీలో దాని మోత తగ్గించడానికి పెట్టిన సన్నటి కోత ఈరోజు ఎందుకూ కొరగాదు. సేవ్ చేసిన సీన్‌కి, అంటే మిక్సర్ సెట్టింగులన్నీ దాచుకున్న నకలుకి, కళాకారుడి పేరుతో పాటు శ్రుతి కూడా రాసుకోవడం చిన్న పనే, ఎంతో శ్రమ తప్పుతుంది.

వయొలిన్ విషయంలో విజయనగరంలో ఇంకాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి. 1919లో మొదలైన మహారాజా సంగీత కళాశాల ఉన్న ఊరిది. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు దానికి మొదటి ప్రిన్సిపాల్. ద్వారం వెంకటస్వామి నాయుడు అక్కడ వయొలిన్ నేర్పారు, ఘంటసాల అక్కడ చదువుకున్నారు. కమాను నాదం ఎలా ఉండాలో తెలిసిన చెవులు ఇక్కడ శ్రోతల్లో కూర్చుంటాయి. మిక్సర్‌లో ముందే వచ్చే 'వయొలిన్' ప్రీసెట్లు పాశ్చాత్య పద్ధతిని దృష్టిలో పెట్టుకుని చేసినవి. ఆ పద్ధతిలో అడుగు తీగ 196 హెర్ట్జ్, కాబట్టి లో కట్‌ని దాని దరిదాపుల్లో పెట్టినా వాళ్ళకి పెద్ద నష్టం లేదు. మన వయొలిన్‌ని గాయకుడి శ్రుతికి కట్టుకుంటారు, అడుగు తీగ తరచు అంతకంటే కిందికి దిగుతుంది. ప్రీసెట్ నొక్కి వదిలేస్తే మంద్ర స్థాయి గుల్లవుతుంది. శ్రీకాకుళం వైపు జముకుల కథకి మైకు పెట్టినప్పుడూ ఇదే గొడవ. జముకు తీగ మీటి మోగించే వాద్యం, గుమ్మనడమే దాని ప్రాణం. అన్ని ఛానెళ్ళకీ అలవాటుగా 100 దగ్గర లో కట్ వేసేస్తే తీగ చప్పుడు మిగులుతుంది, గుమ్మనడం పోతుంది. తప్పెటగుళ్ళు ఇంకో తీరు. గుండెల మీద రేకులు కట్టుకుని బృందమంతా గెంతుతూ తిరుగుతుంటే ఒక్కొక్కరికీ మైకు కుదరదు. ముందు రెండు మైకులు పెట్టి, వాటి ఈక్యూ జోలికి వీలైనంత తక్కువగా పోవడమే ఉత్తమం.

మానిటర్ బస్ దగ్గరికి వద్దాం. కూత వచ్చే ఫ్రీక్వెన్సీని మిక్సర్ తెరమీద గ్రాఫ్‌లో చూడొచ్చు. మిగతావన్నీ చేలో పైరులా కదులుతుంటే అదొక్కటే తాటిచెట్టులా నిలబడి ఉంటుంది. కార్యక్రమానికి ముందే మానిటర్ మెల్లగా పెంచుతూ, మొదట కూసిన చోట 31 బ్యాండ్ల గ్రాఫిక్ ఈక్యూలో 3 డెసిబెల్స్, అవసరమైతే 6 తగ్గించాలి. అలా మూడు, నాలుగు చోట్ల చేశాక ఆపేయాలి. పది చోట్ల కోస్తే కూతతో పాటు గొంతూ పోతుంది, అప్పుడు వినపడడం లేదని మళ్ళీ పెంచమంటారు, మళ్ళీ కూత. దీనికంటే ముందు చూడాల్సింది మానిటర్ పెట్టిన చోటు. కార్డియాయిడ్ మైకు సరిగ్గా తన వెనక నుంచి వచ్చే శబ్దాన్ని అన్నిటికంటే తక్కువ తీసుకుంటుంది, కాబట్టి మానిటర్ దాని తోకకి ఎదురుగా ఉండాలి. సూపర్ కార్డియాయిడ్‌కి ఆ చెవిటి దిక్కు వెనక రెండు పక్కలా, సుమారు 125 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఏ మైకో చూడకుండా మానిటర్‌ని ఎప్పటిలా పెట్టేసి, ఆ పాపాన్ని ఈక్యూతో కడుక్కోవాలని చూడడం వల్ల ఎన్నో మంచి గొంతులు పాడవుతున్నాయి.

వీధి హారన్లకి మ్యాట్రిక్స్ వాడాలి. మెయిన్‌లో కలిసిన మొత్తాన్ని తీసుకుని, దానికి ఇంకో ఈక్యూ, ఇంకో లెవెల్ పెట్టి పంపే దారి అది. హారన్ 300 హెర్ట్జ్ కింద పెద్దగా పలకదు. అక్కడికి బేస్ పంపితే మోత రాదు సరికదా, లోపల పలచటి డయాఫ్రమ్ దెబ్బతింటుంది. కాబట్టి ఆ మ్యాట్రిక్స్‌లో 300 దగ్గర నిటారుగా లో కట్ పెట్టి, చెవిలో గుచ్చుకునే 2, 3 కిలోహెర్ట్జ్‌ని కాస్త తగ్గిస్తే మాట హాయిగా వినిపిస్తుంది. పందిరి వెనక దూరంగా పెట్టే బాక్సులకైతే డిలే కూడా కావాలి. 30 డిగ్రీల వేడిలో శబ్దం సెకనుకి సుమారు 349 మీటర్లు పోతుంది. స్టేజీ బాక్సులకి 35 మీటర్ల దూరంలో బాక్సు ఉంటే సుమారు 100 మిల్లీసెకన్లు ఆపి వదలాలి. లేకపోతే వెనక కూర్చున్నవాళ్ళకి ప్రతి మాటా రెండుసార్లు వినిపిస్తుంది, ఏ ఈక్యూ దాన్ని బాగుచేయలేదు. మ్యాట్రిక్స్ వేరుగా ఉండడం వల్ల ఇంకో లాభం ఉంది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్లు మోగించకూడదు, పండగలకి ప్రభుత్వం ఇచ్చే సడలింపులు వేరు. హాలు లోపల కచేరీ సాగుతుండగా వీధి హారన్లు మాత్రమే ఆపాలంటే, వాటి దారి వేరుగా ఉంటే ఒక్క బటన్ నొక్కితే చాలు.

లైవ్‌కి మెయిన్‌నే పంపడం అందరూ చేసే పని. అందులో ఒక లోటు ఉంది. చిన్న హాల్లో మృదంగం మైకు లేకుండానే బాగా వినిపిస్తుంది కాబట్టి మెయిన్‌లో దాన్ని కొద్దిగానే కలుపుతారు. ఫోన్‌లో వినేవాళ్ళకి ఆ కొద్దిపాటే దక్కుతుంది, దాసు గారు ఒంటరిగా పాడుతున్నట్టు ఉంటుంది. లైవ్‌కి ఒక స్టీరియో బస్ కేటాయించి, మృదంగం, వయొలిన్ అందులో ఎక్కువ కలిపి, హాలు కోసం చేసిన మెయిన్ ఈక్యూ దానికి తగలకుండా చూడాలి. జనం వైపు తిప్పిన ఒక మైకుని కూడా మెయిన్‌కి ఇవ్వకుండా ఈ బస్‌కి మాత్రమే ఇవ్వాలి. దాసు గారు కథ మధ్యలో ఆపి జనం చేత "గోవిందా" అనిపించినప్పుడు, దూరాన ఫోన్ పట్టుకుని వింటున్నవాళ్ళకి ఆ కేక ఈ మైకులోంచే అందుతుంది.

ఈక్యూకి లొంగని బాధలూ కొన్ని ఉన్నాయి. జనరేటర్ ఎర్తింగ్ సరిగా లేక వచ్చే హమ్మింగ్ 50 హెర్ట్జ్‌తో ఆగదు, 100, 150 దగ్గరా ఉంటుంది. దాన్ని ఈక్యూతో చెక్కుకుంటూ పోతే చివరికి గొంతే అరిగిపోతుంది, ఎర్తింగ్ చూడాల్సిందే. హాల్లో కుదిరిన సీన్‌ని పైడితల్లి అమ్మవారి సిరిమాను సంబరం నాడు ఆరుబయట స్టేజీకి యథాతథంగా తీసుకెళ్ళడమూ అంతే. నాలుగు గోడల మోత కోసం కోసినవన్నీ గోడల్లేని చోట గొంతుని పలచన చేస్తాయి. ఛానెల్ ఈక్యూలు అలాగే ఉంచి, మెయిన్, మ్యాట్రిక్స్, మానిటర్ బస్‌ల ఈక్యూలన్నీ సున్నాకి తెచ్చి అక్కడి గాలిలో మళ్ళీ వినాలి. గొంతుకి చేసినదీ చోటుకి చేసినదీ మొదటి నుంచీ విడివిడిగా ఉంచుకున్న ఆపరేటర్‌కి ఇది పది నిమిషాల పని. రెండూ ఛానెల్‌లోనే కలిపేసినవాళ్ళు 32 ఛానెళ్ళూ మళ్ళీ మొదట్నుంచి చూసుకోవాలి, అప్పటికి స్టేజీ మీద తంబూర మొదలై ఉంటుంది.